వృథాగా పోకుండా, ఇంట్లోనే సముద్రం పాలు

ఎర్రనీరు వచ్చిందంటే చాలు, మన నాయకులకూ పత్రికలకూ ఏటా ఒకటే బెంగ. ఇన్ని టీఎంసీల గోదావరి వృథాగా సముద్రం పాలైపోతోందే అని. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కూడా ఈ బెంగను సగమే తీర్చి వెళ్ళాడు. మిగతా సగం ఇప్పుడు డెల్టాలోని కొన్ని డాబాల హాళ్ళలో, సోఫాకూ టీవీకీ మధ్య, చడీచప్పుడు లేకుండా తీరుతోంది. గోదావరి నీళ్ళు సముద్రంలో కలవడానికి అంతర్వేది దాకా పోవడం దేనికి? సముద్రాన్నే ఇంట్లో కట్టుకుంటే కుళాయి దగ్గరే కలిసిపోతాయి. దీని పేరు రిమ్‌లెస్ రీఫ్ ట్యాంక్. అంచు పట్టీ లేని గాజు తొట్టెలో ఉప్పునీళ్ళు పోసి, రాళ్ళు పేర్చి, పగడాలు పెంచుకోవడం.

ఉప్పు మాట వింటే ఉలిక్కిపడే నేల మనది. తీరం పక్క ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పు, కాలువ నీరు అందక చేను ఎండితే చౌడు. అలాంటి చోట డబ్బులిచ్చి మరీ ఉప్పు బకెట్లు తెప్పించుకునే మనిషి పుట్టాడంటే డెల్టా బాగా ఎదిగిందనే లెక్క. పైగా ఆయన రొయ్యల చెరువు వాసన గిట్టక టౌన్లో ఇల్లు కట్టుకున్నవాడు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. అవే పుస్తెలతో ఆయన తొట్టె నీళ్ళ మురికిని నురగ కట్టించి తీసే ప్రోటీన్ స్కిమ్మర్ కొన్నాడు. ఇంతటి త్యాగశీలిని నిరుత్సాహపరచకూడదు. చేసేదేదో సక్రమంగా చేయించాలి.

మొదట తొట్టె. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 50 ఎత్తు అనుకుందాం. అంచుదాకా నింపితే 360 లీటర్లు. మామూలు అక్వేరియానికి పైన చుట్టూ పట్టీయో, అడ్డంగా గాజు బద్దలో ఉంటాయి. నీళ్ళ తోపుడికి గాజు మధ్యలో పొట్ట పెట్టకుండా అవి బిగించి ఉంచుతాయి. అందం కోసం వాటిని పీకేశాం కనక ఆ పనంతా గాజు మందమే చేయాలి. ఈ కొలతకు 12 ఎం.ఎం.కు తగ్గితే ఒప్పుకోవద్దు. అంచుల్లో పచ్చదనం కనిపించని, ఇనుము తక్కువున్న గాజు కావాలంటే ధర ఇంకాస్త. మొత్తానికి లేని పట్టీకి ఉన్న పట్టీ కంటే ఖరీదెక్కువ. బాత్‌రూమ్ సందులు పూడ్చే, బూజు పట్టని సిలికాన్ వాడితే ఆ బూజు మందు చేపలకూ అంతే బాగా పనిచేస్తుంది. వెనిగర్ వాసన కొట్టే మామూలు గాజు సిలికానే వాడి, వారం ఆరనిచ్చి, ఇంకో వారం వరండాలో నీళ్ళు నింపి చూడాలి. పైపుకు కన్నం ముందే పెట్టించాలి. టఫెన్ చేయించిన గాజుకు తర్వాత డ్రిల్లు ఆనించారా, తొట్టె మొత్తం పలుకులై చేతిలోకొస్తుంది.

బరువు సంగతి. పై తొట్టెలోనూ, కింద స్టాండులో దాగే చిన్న తొట్టెలోనూ కలిపి నీళ్ళు నాలుగు క్వింటాళ్ళు దాటతాయి, గాజు 75 కేజీలు, రాళ్ళూ ఇసకా మరో 55, స్టాండూ చిల్లరా కలుపుకుంటే మొత్తం ఆరు క్వింటాళ్ళ పైచిలుకు. మన లెక్కలో ఎనిమిదిన్నర బస్తాల ధాన్యం. ధాన్యం బస్తాలైతే గచ్చు కాస్త కుంగినా ఏమీ అనవు. గాజు అంటుంది. చెరువు పూడ్చి మెరక చేసిన స్థలంలో ఇల్లు కట్టిన వాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించుకోవాలి. స్టాండు నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూడాలి. మేస్త్రీ "కంటికి బానే ఉందండి" అంటాడు. కంటికి బాగున్నది నీళ్ళు పోశాక తెలుస్తుంది. పట్టీ ఉన్న తొట్టెలో మూడు మిల్లీమీటర్ల వాలును ఆ పట్టీ కప్పేస్తుంది. అంచు లేని తొట్టెలో నీటి గీత ఓ పక్కకు ఒరిగి, వచ్చినవాళ్ళందరికీ ఇల్లు కట్టిన కాంట్రాక్టరు చరిత్ర చదివి వినిపిస్తుంది. తొట్టె అడుగున పది ఎం.ఎం. ఫోమ్ షీటు పరవాలి. పరిచేముందు బల్ల తుడవాలి, ఎందుకంటే గాజు కింద ఒక్క ఇసక రేణువు నలిగినా పగులు అక్కడే మొదలవుతుంది.

స్టాండు లోపల ఇంకో తొట్టె ఉంటుంది. దాన్ని సంప్ అంటారు. ఇంటి ముందు మునిసిపాలిటీ నీళ్ళు పట్టే సంపు వేరు, ఇది వేరు. పై తొట్టె నీళ్ళు వియర్ అనే దువ్వెనలాంటి గట్టు పళ్ళ సందుల్లోంచి పొర్లి కిందికొస్తాయి, స్కిమ్మర్‌లో నురగ కట్టి మురికి వదిలించుకుంటాయి, రిటర్న్ పంపు మళ్ళీ పైకి తోస్తుంది. కరెంటు ఉన్నంతసేపూ ఈ ఏర్పాటు వైకుంఠం.

కరెంటు పోయిన రాత్రి దీని అసలు రూపం తెలుస్తుంది. పంపు ఆగగానే, పైకి నీళ్ళు తెచ్చిన గొట్టమే సైఫన్ అయి వాటిని కిందికి లాగడం మొదలెడుతుంది. పెట్రోలు లాగే పైపు సూత్రమే. ఆ గొట్టం మూతి నీళ్ళలో ఎంత లోతున ఉంటే అంత లోతు దాకా లాగుతుంది. మన తొట్టెలో ఒక్క సెంటీమీటరు ఎత్తు నీళ్ళంటే 7.2 లీటర్లు. మూతి పది సెంటీమీటర్ల లోతున పెట్టారనుకోండి, 72 లీటర్లు దిగుతాయి. వంద లీటర్ల సంప్‌లో అప్పటికే అరవై ఉన్నాయి. మిగతా ముప్పై రెండు లీటర్లు పాలరాతి మీదుగా పూజగది వైపు పోతాయి, ఎందుకంటే గచ్చు వాలు ఎప్పుడూ అటే ఉంటుంది. దీనికి విరుగుడుగా గొట్టానికి నీటి మట్టం కింద చిన్న కన్నం పెడతారు. మట్టం అక్కడికి దిగగానే కన్నంలోంచి గాలి దూరి సైఫన్ తెగుతుంది. లోపం లేని ఏర్పాటే, కానీ తొట్టె పాచి తినిపించడానికి మీరే నత్తలను తెచ్చి వేశారు. ఇంత పెద్ద సముద్రంలో చోటు లేనట్టు ఒక నత్త వెళ్ళి ఆ కన్నం మీదే కూర్చుంటుంది. అందుకని మూతిని మట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కిందే ఉంచాలి. అప్పుడు కన్నం మూసుకుపోయినా దిగేది పద్నాలుగు లీటర్లు. వియర్ మీద నడిచే నీటి పొర ఇంకో ఏడు. సంప్‌లో ఎప్పుడూ నలభై లీటర్ల ఖాళీ ఉంచితే పూజగది పదిలం. నాన్‌రిటర్న్ వాల్వు పెట్టామని నిద్రపోకండి, దానికి సున్నం పడుతుంది. ఉప్పు కలపకముందే, మంచినీళ్ళతో నింపిన రోజునే, ప్లగ్గు పీకి పది నిమిషాలు పక్కన కూర్చుని చూడాలి.

ప్లగ్గు అంటే గుర్తొచ్చింది. వైరు బోర్డులోకి నేరుగా పోకూడదు. ఓసారి కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి పోవాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి లేకుండా ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టే ధైర్యవంతుల గురించి రాయడానికి ఈ కాలమ్‌లో చోటు చాలదు.

రొయ్యల రైతు జనరేటర్ లేకుండా నిద్రపోడు. తెల్లవారుజామున ఏరేటర్లు ఆగితే డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి సరుకంతా తేలిపోతుందని అతనికి తెలుసు. హాల్లో సముద్రానికీ అదే రూలు. నీళ్ళు చల్లబరిచే చిల్లర్‌నూ లైట్లనూ వదిలేసి, పదిహేను వాట్ల వేవ్‌మేకర్ ఒక్కదాన్ని ఇన్వర్టర్‌కి తగిలిస్తే రాత్రంతా నీరు కదులుతుంది, ఆక్సిజన్ అందుతుంది. చిల్లర్ తప్పదు. తొట్టెలో 26 డిగ్రీలుండాలి, మే నెలలో మన హాల్లో ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. ఫ్యాన్ గాలితో చల్లబరుద్దామంటే మన ఉక్కపోతలో ఆవిరి సరిగా లేవదు. చిల్లర్‌ను అందం కోసం స్టాండు అల్మరాలో దాచి తలుపేస్తే తను వదిలిన వేడిని తనే పీల్చుకుని తిరిగి చల్లబరుస్తుంది. బయటపెడితే ఆ వేడంతా హాల్లోకి వస్తుంది. దానికి ఏసీ వేస్తారు. ఇలా ఒక క్లౌన్ చేప పుణ్యమా అని ఇంటిల్లిపాదీ చల్లగా ఉంటారు.

ఇక నీళ్ళు. "నర్సాపురం నుంచి రెండు డ్రమ్ములు తెప్పిస్తే పోలా?" అని బావగారొకరు తప్పకుండా అంటారు. పోదు. పగడానికి 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళకు 35 పాళ్ళు, ఉప్పు కావాలి, అదీ రోజూ ఒకేలా. మన తీరంలో వరదొస్తే గోదావరి సముద్రాన్ని చప్పగా చేసి, బురద కలిపి వదులుతుంది. ఆ ఒండ్రూ ఆ మంచినీళ్ళూ కలిసే మనకు డెల్టా ఇచ్చాయి, పగడపు దిబ్బ లేకుండా చేశాయి. కనక నీళ్ళను సున్నా నుంచి తయారుచేసుకోవాలి. సున్నా అంటే నిజంగా సున్నా టీడీఎస్, నీళ్ళలో కరిగిన లవణాలేవీ ఉండకూడదు. తాగే నీళ్ళ ఆర్వో ముప్పై, నలభై దగ్గర ఆగిపోతుంది. మనుషులకు అది చాలు. తొట్టెకు ఆర్వో తర్వాత ఆ మిగిలిన లవణాలనూ పట్టేసే డీఅయొనైజేషన్ గొట్టం కూడా కావాలి. ఒక బకెట్టు శుద్ధ జలం రావడానికి దాదాపు మూడు బకెట్లు మోరీలో పడతాయి.

అందులో ఉప్పు కలపాలి. వంటింటి డబ్బాలోది కలపకండి. అది సోడియం క్లోరైడూ అయోడినూ. సముద్రంలో లీటరుకు 400 మిల్లీగ్రాముల పైన కాల్షియం, 1300 దాకా మెగ్నీషియం ఉంటాయి. బకెట్లలో అమ్మే రీఫ్ ఉప్పు లీటరుకు 37 గ్రాముల లెక్కన, పైన 360, సంప్‌లో 60 కలిపి మన 420 లీటర్లకు పదహారు కేజీలు పడుతుంది. కొలవడానికి చెరువు గట్టున వాడే రిఫ్రాక్టోమీటరే చాలు. కాకపోతే దాన్ని మంచినీళ్ళతో సున్నాకు సరిచేసి ఊరుకోకుండా, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి.

నింపాక చేప వేయాలని చెయ్యి దురద పెడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. కొద్దిగా అమ్మోనియం క్లోరైడ్ వేసి అమ్మోనియా రెండు పీపీఎం (లీటరుకు రెండు మిల్లీగ్రాములు) చేస్తే, బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమై నైట్రైటూ సున్నా చూపిస్తే సముద్రం పండినట్టు. ఆ తర్వాత రాళ్ళ మీద మట్టిరంగు పొర పడుతుంది, ఎర్రటి జిగురు పరుచుకుంటుంది, పచ్చటి జుట్టు మొలుస్తుంది. ఇదంతా మామూలే. భయపడి నైట్రేటునూ ఫాస్ఫేటునూ పూర్తిగా సున్నా చేస్తే, గాలి బుడగలు పట్టుకుని వేలాడే డైనోఫ్లాజిలేట్లనే సూక్ష్మజీవులు దిగుతాయి. అవి వచ్చాక ఆ పచ్చ జుట్టే ముద్దొస్తుంది.

ఈ దశలో చెరువు దగ్గర మేత వేసే కుర్రాడు ఏదో పని మీద ఇంటికొచ్చి తొట్టె చూస్తాడు.

"ఆల్కలినిటీ ఎంతుందండీ?"

"ఎనిమిది డీకేహెచ్," అంటారు యజమాని, అది మరో భాషలా.

"అంటే నూట నలభై పైనండి. బానే ఉందండి. తగ్గితే వంటసోడా ఎయ్యండి, ఆయ్."

యజమానికి ఒళ్ళు మండుతుంది. ఆయన అల్మరాలో బఫర్ అని రాసున్న విదేశీ సీసా ఉంది మరి. ఇలాంటి సీసాల్లో చాలావాటిలో ఉండేది సోడియం బైకార్బొనేటూ (అదే వంటసోడా) కార్బొనేటే. ఆల్కలినిటీ అంటే నీళ్ళలోని క్షారపు నిల్వ. దాన్ని తొట్టె వాళ్ళు డీకేహెచ్‌లో, చెరువు వాళ్ళు పీపీఎంలో చెబుతారు. ఒక డీకేహెచ్ అంటే దాదాపు 18 పీపీఎం. 420 లీటర్ల తొట్టెలో ఒక డీకేహెచ్ పెంచడానికి 13 గ్రాముల వంటసోడా సరిపోతుంది. బేకింగ్ పౌడరు కాదు, సోడా. రోజుకు ఒకటికి మించి పెంచకూడదు. కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. అయినా ఆ సలహా సీసాలోంచి రాకుండా గట్టు మీదినుంచి వచ్చింది కనక చెల్లదు.

పగడాల దగ్గర మాత్రం వేళాకోళం వద్దు. రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి సరసన. మన్నార్ సింధుశాఖ నుంచి తెచ్చిన లైవ్ రాక్ (జీవాలతో సహా సముద్రంలోంచి తీసిన రాయి) అని ఎవరైనా చెవిలో చెబితే అక్కడినుంచి లేచి రండి. ఎండు రాళ్ళూ, సిరామిక్ రాళ్ళూ చాలు. క్లౌన్ చేపను హేచరీలో పుట్టించడం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. తొట్టెలో పుట్టిన జంటను అడిగి కొనండి. సముద్రంలో వాటికి ఆశ్రయమిచ్చే అనిమోన్ అనే జీవి లేకపోయినా వాటికి బెంగ ఉండదు. కొత్త చేపను నేరుగా వేయకుండా ఆరు వారాలు వేరే తొట్టెలో ఉంచాలి. చేపలకొచ్చే తెల్లమచ్చ రోగానికి మందు రాగి, ఆ రాగి పెద్ద తొట్టెలో పడితే నత్తలూ పగడాలూ మచ్చ కంటే ముందు పోతాయి.

చివరగా ఒక చిన్న విషయం. పైన మూత లేని తొట్టెలోంచి ఫైర్‌ఫిష్, రాస్ జాతి చేపలు ఎగురుతాయి. పొద్దున్నే సోఫా కింద ఎండుచేప దొరికాక, వల బిగించిన అల్యూమినియం ఫ్రేము చేయించి తొట్టె చుట్టూ కూర్చోబెడతారు. పట్టీ తీయించడానికి పెట్టిన డబ్బుకు ఇది అదనం.

ఆ ఫ్రేము బిగించేసరికి ఏప్రిల్ వస్తుంది. కాలువలు కట్టేస్తారు. ఊరంతా మంచినీళ్ళ చెరువు అడుగు చూసుకుంటూ ఉంటుంది. తొట్టెలో రోజుకు ఆరు లీటర్లు ఆవిరవుతాయి. నీరు పోతుంది, ఉప్పు పోదు. అయిదు రోజులు పట్టించుకోకపోతే 35 పీపీటీ 37 దాటుతుంది, పగడాలు ముడుచుకుంటాయి. ఆరు లీటర్ల శుద్ధ జలానికి ఇరవై నాలుగు లీటర్లు కావాలి. ఇరవై లీటర్ల క్యాన్లు రెండేసి చొప్పున స్కూటరు మీద వస్తాయి. వీధి గుమ్మంలో క్యాను దించుతున్న మనిషిని పక్కింటావిడ అడుగుతుంది, "ఎవరికండీ, ఇంట్లో చుట్టాలొచ్చారా?"

"సముద్రానికండీ."