మా షెడ్డు గోడకు వేలాడుతున్న విమానం తోక గారికి

మహారాజశ్రీ తోక గారి సముఖమునకు, అనంతపురం నుంచి మీ సేవకుడు రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. తలవడం దేనికి, తల తిప్పితే కనబడుతున్నారు. నా స్టూలుకూ మీ మేకుకూ మధ్య ఆరడుగులు కూడా లేదు.

ఈ రోజు మధ్యాహ్నం జరిగిందంతా మీరూ చూశారు. షెడ్డు తలుపు బార్లా తెరిచే ఉంది, చూడలేదని బుకాయించకండి. పొద్దున ఏడింటికే రేవు ఏజెంటు ఫోన్ చేశాడు. "సార్, మీ సరుకు వచ్చేసింది, మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉంటుంది" అన్నాడు. నేను ఇంట్లో కట్టుకుంటున్న విమానానికి మూడేళ్లుగా ఎదురుచూస్తున్న రెక్కల పెట్టె! స్కూటర్‌ను వీధిలో పెట్టించాను. తులసికోటను కదిలించనివ్వనని మా ఆవిడ పట్టుబడితే, దాన్ని తప్పించి పెట్టెను ఎలా తిప్పాలో సుద్దముక్కతో నేలమీద గీసుకున్నాను. నలుగురు హమాలీలను మాట్లాడి, ఉగ్గాని బజ్జీ తినిపించి కూర్చోబెట్టాను. పన్నెండయింది. రెండయింది. మూడున్నరకు హమాలీల్లో ఇద్దరు నిద్రపోయారు.

నాలుగున్నరకు వచ్చింది. లారీ కాదు, ఆటో. డ్రైవరొక్కడే చంకలో పెట్టుకుని తెచ్చిన పల్చటి అట్టపెట్టె. విప్పి చూస్తే మీ వంశంవాళ్లే. తోకలో పక్కలకు తిరిగే రడ్డర్ రేకులు. మీకు ఉన్నవే, అదే కొలత, అదే నీలం ప్లాస్టిక్ పొర.

"ఇవేనా సార్ రెక్కలు?" అన్నాడు పెద్ద హమాలీ.

"తాతా, మన విమానానికి రెండు తోకలా?" అంది మనవరాలు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే, ఎక్కడో నంబరు తారుమారైందట. రెక్కలు వచ్చేవారమట. హమాలీలకు డబ్బులివ్వబోతే "సగం చాల్లే సార్" అన్నారు. అనంతపురంలో హమాలీ కూలి తగ్గించుకోవడం నా జన్మలో చూడలేదు. ఆ జాలి ఉంది చూశారూ, కస్టమ్స్ వాళ్లు వేసిన సుంకం కూడా నన్ను అంత బాధపెట్టలేదు.

ఏజెంటు మీద నాకు కోపం లేదు. "వచ్చేవారం" అనడం తప్ప అతనికి వేరే చేతగాదు. ఇంధనం ట్యాంకులకు పూసే సీలెంట్ మీదా కోపం లేదు. ట్యాంకులుండేది రెక్కల్లో. రెక్కలు రాకముందే అది వేరే పార్సిల్‌లో దిగి, మా ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన కాపురం పెట్టి, గడువు తీరి, పలకరిద్దామంటే గడ్డకట్టుకుపోయింది. రివెట్ గన్‌కు గాలి పట్టే కంప్రెసర్ శబ్దానికి బీపీ పెరిగిందని ఫిర్యాదు చేసిన పక్కింటాయన మీద ఒకప్పుడు ఉండేది. కంప్రెసర్ నోరు మూతపడి చాన్నాళ్లయింది కనుక ఇప్పుడు ఆయనే "ఏమప్పా, శబ్దమే లేదు?" అని అడుగుతున్నాడు. అది ఇంకా ఘోరం.

కోపమంతా మీ మీదే.

ఇంట్లో విమానం కట్టుకునేవాడికి కిట్లు అమ్మేవాళ్లు ముందు తోకనే ఎందుకు పంపుతారో ఇప్పుడు తెలిసింది. చిన్నది, ఖర్చు తక్కువ. చిల్లులు నున్న చేయడం, రేకులో గుంట నొక్కడం, రేకుల్ని కలిపే రివెట్ కొట్టడం, అంతా దాని మీదే నేర్చుకోవచ్చు. మనసు మారితే నష్టం కొంచెంతో పోతుంది. పైకి ఎంత మంచి మాట! కానీ అది బజ్జీల బండివాడు రుచి చూడమని చేతిలో పెట్టే మొదటి బజ్జీ. తిన్నవాడు బండి వదిలి పోడు. నేనూ పోలేదు. మిగతా బజ్జీలే ఇంకా నూనెలో పడలేదు.

మీరు 2019లో వచ్చారు. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, ఎవరూ ఇంటికి రారు, మేమెక్కడికీ పోము. నేను బయట రివెట్ గన్ పట్టుకుంటే మా ఆవిడ లోపలివైపు ఇనుప దిమ్మె అదిమి పట్టుకునేది. 2.4 మిల్లీమీటర్ల రివెట్ చివర నలిగి 3.6 వెడల్పు, 1.2 ఎత్తు కావాలి. తక్కువైనా ఎక్కువైనా డ్రిల్లు పెట్టి ఊడదీసి మళ్లీ కొట్టాలి. "ఊఁ" అంటే కొట్టు, "ఆఁ" అంటే ఆగు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె మాటకు నేను అంత వెంటనే ఆగింది అప్పుడే. నాలుగు నెలల్లో మిమ్మల్ని పూర్తిచేసి గోడకు తగిలించాం. ఇంత సులువా అనుకున్నాను. మీరు చేసిన మోసం అదే. పదివేల రివెట్లకు పైగా పట్టే పనికి కాసిని రివెట్ల మర్యాద చూపించి, మిగతాదంతా ఇట్లే ఉంటుందని నమ్మించారు.

ఆ ఏడాది కర్నూలు దగ్గర ఓర్వకల్లుకు ఇంకా ప్రయాణికుల విమానాలు రావడం లేదు. 2021 మార్చిలో అక్కడ ఏకంగా విమానాశ్రయమే మొదలైపోయింది. రన్‌వే ఉంది, టెర్మినల్ ఉంది. ఇక్కడ నా షెడ్డులో మీరొక్కరే.

ఏనుగు వెళ్లింది, తోక చిక్కింది అంటారు. నాకు తోక వచ్చింది, ఏనుగు చిక్కుకుంది.

పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పాతికేళ్లు పిల్లలకు లేత్ నేర్పాను. ఊళ్లో నన్ను అందరూ లేత్ సార్ అనేవాళ్లు. ఇప్పుడు సప్తగిరి సర్కిల్లో టీ తాగుతుంటే వెనకనుంచి వినబడే పేరు తోక సార్. ఉగాది నాడు పచ్చడి చేతికిస్తూ మా ఆవిడ "ఈ ఏడన్నా?" అంటుంది. ఆరో ఉగాదికి ఆ ప్రశ్న కూడా మానేసింది. పచ్చడి మాత్రం ఇచ్చింది.

చదువుకున్న స్నేహితులు ఓదారుస్తారు. 1903 నవంబరులో ప్రొపెల్లర్ షాఫ్టులు చీలితే రైట్ సోదరుల్లో ఆర్విల్ స్వయంగా రైలెక్కి సొంతూరు డేటన్ వెళ్లి, కొత్తవి చేయించుకొచ్చి, డిసెంబరు 17న ఎగిరాడట. నేనూ ఆయన బాటలో రెక్కల కోసం రాత్రి బస్సెక్కి చెన్నై పోయాను. ఆయన షాఫ్టులతో వచ్చాడు, నేను జిరాక్సులతో వచ్చాను. అన్నట్టు, ఆ అన్నదమ్ములు ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌ను వెనక తోకలో కాదు, ముందు కళ్లెదుట పెట్టుకున్నారు. మీ జాతిని వాళ్లెంత నమ్మారో అర్థమవుతోంది. ఇంకొకరు ముంబైలో మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన అమోల్ యాదవ్ గారిని చూపిస్తారు. 2016లో ప్రదర్శనలో పెట్టారు, రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి అనుమతి 2019లో. అయ్యా, ఆయన ఎదురుచూసింది కాగితం కోసం. పక్కన విమానం ఉంది. నా పక్కన ఉన్నది ఎవరు?

నువ్వు. ఇంక మీరూ గీరూ లేదు. పుస్తకం చదివాక నీ సంగతి ఇంకా బాగా తెలిసింది. రెక్కలు బరువంతా పైకి లేపుతుంటే నువ్వు వెనక కూర్చుని కిందికి నొక్కుతావట. ముక్కు బరువుకు విమానం తలకిందులు కాకుండా ఉండడానికట! రెక్కలు లేకుండానే ఐదేళ్లుగా నొక్కుతున్నావు కదే నన్ను. చేను అమ్మిన డబ్బులు నీ వెనకే పోయాయి. నీ దుంప తెగ, నిన్ను సామాన్లవాడికి వేద్దామని పోయిన వేసవిలో కిందికి దించాను కూడా. దించి, దుమ్ము తుడిచి, ఎలివేటర్‌ను వేలితో కదిపాను. అంత సన్న రేకు, శబ్దం లేకుండా పైకి లేచి కిందికి దిగింది. మా ఆవిడ కొట్టించిన వరుసలో ఒక్క రివెట్ వంకర లేదు. మళ్లీ తగిలించేశాను. ఆ సంగతి నీకూ తెలుసు, అందుకే ఇంత పొగరు.

రాత్రి అన్నం తిని షెడ్డుకొచ్చాను. ఏజెంటు ఆ రేకుల్ని తిరిగి పంపమన్నాడు. పంపాలంటే మళ్లీ ఫారాలు, మళ్లీ వచ్చేవారం. ఊరికే చూద్దామని అట్ట తీశాను. ఊరికే నీలం పొర ఒక మూల లేపాను. చిల్లుల అంచులు గరుకుగా ఉన్నాయి, వేలికి తగులుతున్నాయి. పదింటికి మొదలుపెట్టాను. ఒక వరుస నున్నబడింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "దిమ్మె ఎక్కడ పెట్టారు?" అంది.

పదకొండయింది. గోడకు ఇంకో మేకు కొడుతున్నాను. కాస్త పక్కకు జరుగు.

ఇట్లు,
తోక సార్