ప్రత్యేక అధికారి వస్తే ఊరు బాగుపడదు

వారం రోజుల్లో ఆ సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. మొదట కాలనీ సంఘం గ్రూపులో, తర్వాత పదో తరగతి మిత్రుల గ్రూపులో, ఆపైన మా బావ దగ్గర్నుంచి. చివరగా పంపిన మిత్రుడు బెంగళూరులో స్థిరపడి పద్దెనిమిదేళ్లయింది. మా ఊళ్లో అతనికి ఇప్పుడు ఓటు కూడా లేదు. "మున్సిపాలిటీ గురించి మీకెవరూ చెప్పని ఆరు నిజాలు" అని పైన ఎర్ర అక్షరాలు, "కనీసం పది మందికి పంపండి" అని కింద ఆజ్ఞ. రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి "ఇందులో తప్పులున్నాయి" అని మర్యాదగా రాశాను. నా మాట కిందనే ఇంకెవరో మళ్లీ అదే సందేశం తెచ్చి పడేశారు. ఇక ఒక్క వాక్యంతో సరిపెట్టే ఓపిక నాకు లేదు.

సందేశంలో ఉన్నది ఇది. ఇంటి పన్నంతా కౌన్సిలర్ల జీతాలకే పోతోందట. చెత్త పన్ను దొంగచాటుగా గుంజుతున్నారట. గ్రంథాలయ పన్ను పేరుతో మోసం జరుగుతోందట. ఆస్తి పన్ను ఏటా 15 శాతం పెరుగుతూనే ఉంటుందట. పారిశుద్ధ్య కార్మికులు పని చేయకుండా నెలకు అరవై వేలు తీసుకుంటున్నారట. కాబట్టి ఎన్నికలూ కౌన్సిలర్లూ దండగ, ఎన్నికైన కౌన్సిల్ లేనప్పుడు ప్రభుత్వం వేసే ప్రత్యేక అధికారినే శాశ్వతంగా ఉంచాలట. నేనుండేది ఆంధ్రప్రదేశ్‌లో ఒక మోస్తరు పట్టణం. సందేశం కూడా ఇక్కడి గురించే కనుక ఇక్కడి సంగతులే చెబుతాను.

కౌన్సిలర్లకు జీతాలు లేవు. ఇచ్చేది గౌరవ వేతనం, అదీ నెలకు కొన్ని వేలే. ఒక వార్డులో నాలుగు వీధుల పన్ను చాలు, ఆ వార్డు కౌన్సిలర్ ఏడాది గౌరవ వేతనానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. చెత్త పన్ను రద్దయిపోయింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి స్వయంగా ప్రకటించారు, తర్వాత చట్టాన్నీ సవరించారు. మీ గుమ్మం ముందు ఇంకా ఎవరైనా అడిగితే రసీదు అడగండి, ఫిర్యాదు చేయండి. అంతేగాని దాన్ని పట్టుకుని ఊరంతా చాటింపు వేయనక్కరలేదు.

గ్రంథాలయ పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. రెండు వేల పన్ను కట్టే ఇంటిపై నూట అరవై రూపాయలు. అది మున్సిపాలిటీది కాదు, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. సకాలంలో జమ చేయని చోట్ల ఆ మాట గట్టిగా అడగాలి. "ఈ రోజుల్లో ఎవరు చదువుతున్నారు" అని రాసిన మనిషి ఒక్కరోజు ఉదయం ఎనిమిదికి మా శాఖా గ్రంథాలయం మెట్ల దగ్గరకు రావాలి. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు తాళం తీయకముందే అక్కడ కూర్చుని ఉంటారు. ఇంట్లో ఒకటే గది ఉన్న పిల్లలు వాళ్లు.

పదిహేను శాతం సంగతికి వస్తే, సందేశం వేసిన లెక్క తప్పు కాదు. ఏటా 15 శాతం చొప్పున పెరిగితే అయిదేళ్లకు పన్ను రెట్టింపవుతుంది. రెండు వేలు నాలుగు వేలు దాటుతుంది. పింఛను మీద బతికేవాళ్లకు అది మోయలేని బరువే. దీన్ని నేను కాదనను. అయితే "పెరుగుతూనే ఉంటుంది" అన్నది అబద్ధం. పూర్వం అద్దె విలువను బట్టి పన్ను వేసేవారు. 2020లో చట్టం మార్చి, 2021 నుంచి ఆస్తి మూలధన విలువను, అంటే స్థలం, కట్టడం కలిపిన ఖరీదును బట్టి వేస్తున్నారు. కొత్త లెక్కలో వచ్చిన మొత్తాన్ని ఒక్కసారే మోపకుండా, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. కొత్త మొత్తం చేరగానే ఆ పెంపు ఆగాలి. మీ డిమాండ్ నోటీసులో ఆ చివరి అంకె ఎంతో కనుక్కోండి, అప్పుడు కొట్లాడటానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఇక్కడే సందేశం రాసినవాళ్లు దాటేసిన ముక్క ఒకటుంది. నివాస గృహాలకు మూలధన విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం దాకా అని రాష్ట్రం హద్దులు గీసింది. ఆ హద్దుల మధ్య మన ఊరికి ఎంత అన్నది కౌన్సిల్ తీర్మానించాలి. తీర్మానానికి ముందు ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. 2021లో ఆ గడువు వచ్చింది, వెళ్లింది. మా వీధిలో ఒక్కరూ అభ్యంతరం రాయలేదు. నేనూ రాయలేదు. ఇవాళ్టికీ ఆ తప్పు నన్ను బాధిస్తూనే ఉంది.

పారిశుద్ధ్య కార్మికుల గురించి రాసిన ముక్క చదివినప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. ఎప్పుడో చేరి పర్మినెంటు అయిన కొద్దిమంది జీతాన్ని చూపించి అందరికీ అంటగట్టారు. వీధుల్లో మనకు కనిపించేవాళ్లలో ఎక్కువమంది పొరుగు సేవల (అవుట్‌సోర్సింగ్) కార్మికులు. పదిహేను వేల జీతం, ఆరు వేల ఆరోగ్య భత్యం కలిసి ఇరవై ఒక్క వేలు. ఆ ఇరవై ఒక్క వేల గురించీ, ఉద్యోగ భద్రత గురించీ 2023 డిసెంబరు 26న సమ్మెకు దిగి, జనవరి రెండో వారం దాకా రోడ్డున కూర్చున్నారు. ఆ రెండు వారాలు మన వీధి మూలలు ఎలా ఉన్నాయో అప్పుడే మరిచిపోయారా? ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని తిరిగిన మనుషులే ఇప్పుడు "పని చేయరు" అని రాస్తున్నారు.

మా వీధికి వచ్చే ఆమెకు యాభై ఏళ్లు ఉంటాయి. తెల్లవారుజామున అయిదింటికి వేపచెట్టు కింద మేస్త్రీ పట్టుకున్న ఫోనుకు ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. వెలుతురు చాలక ఫోను ముఖాన్ని గుర్తుపట్టకపోతే ఆ పూట కూలి సందేహంలో పడుతుంది. మొన్న కార్తీకమాసంలో ఎవరో పగిలిన గాజు గ్లాసును అన్నం మెతుకులతో కలిపి సంచిలో కట్టి పడేశారు. సంచి తీయబోతే అరచేయి తెగింది. మా ఆవిడ పసుపు తెచ్చేలోగా ఆమె పైట కొంగు చింపి చుట్టుకుని తోపుడు బండి నెట్టుకుంటూ పక్కింటికి వెళ్లిపోయింది. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరువేరుగా ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యత అని 2016 నాటి నియమాలే చెప్పాయి. ఆ సంచి కట్టిన ఇల్లు ఏదో నాకు తెలుసు. ఈ సందేశం ఆ ఇంటి నుంచి కూడా నాకు వచ్చింది.

ఇక ఆరో ముక్క. మిగతా అయిదూ దీనికోసమే పేర్చారని నా నమ్మకం. 2021 మార్చిలో గెలిచిన కౌన్సిళ్ల అయిదేళ్ల గడువు 2026 మార్చితో సరి. సరిగ్గా ఇప్పుడే "ఎన్నికలు వద్దు, ప్రత్యేక అధికారి ముద్దు" అనే మాట ఊరూరా తిరుగుతోంది. అలా చేయడానికి రాజ్యాంగం ఒప్పదు. 74వ సవరణ తర్వాత కౌన్సిల్ కాలం అయిదేళ్లే. గడువు తీరేలోగా కొత్త ఎన్నిక జరిగి తీరాలి. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టంగా చెప్పింది.

చట్టం మాట అటుంచుదాం. "ఒకసారి చూద్దాం, పోయేదేముంది" అంటున్నారు. చూశాం కదా! 2005లో ఎన్నికైన కౌన్సిళ్ల కాలం 2010 సెప్టెంబరులో ముగిస్తే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2014 మార్చి 30న. కొత్త కౌన్సిళ్లు కొలువుదీరేసరికి జూలై వచ్చింది. ఆ కౌన్సిళ్ల గడువు 2019 జూలైలో తీరితే, కరోనాతో వాయిదా పడిన పోలింగు 2021 మార్చి 10న జరిగింది. రెండూ కలిపితే అయిదేళ్లు దాటుతుంది. ఒక కౌన్సిల్ పూర్తి పదవీకాలం కంటే ఎక్కువ కాలం మనం ప్రత్యేక అధికారుల కింద బతికాం. ఆ అయిదేళ్లలో మీ వీధికి ఏం ఒరిగిందో రాయండి. సందేశంలో ఒక్క ఊరి పేరైనా, ఒక్క పని పేరైనా ఉందా?

ప్రత్యేక అధికారి అంటే ఎవరు? కలెక్టరో, జాయింట్ కలెక్టరో, సబ్ కలెక్టరో, ఆర్డీవోనో అయి ఉంటారు. భూముల తగాదాలు, ధాన్యం కొనుగోళ్లు, తుపాను హెచ్చరికలు, మంత్రుల పర్యటనలు, వీటి మధ్య మన మున్సిపాలిటీ ఒక అదనపు బాధ్యత. కౌన్సిల్ చేయాల్సిన తీర్మానం ఆయన ఒక్క సంతకంతో అయిపోతుంది. వ్యతిరేకంగా చెయ్యెత్తడానికి అక్కడ రెండో మనిషే ఉండడు. పన్ను రేటు తీర్మానం అలాంటి కాలంలో వచ్చి ఉంటే ఎవరి గుమ్మం ముందు నిలబడేవాళ్లం?

మా ఊళ్లో అలాంటి కాలంలోనే కాలువ గట్టు మీది ఆక్రమణలు తొలగించారు. కౌన్సిల్ పదేళ్లుగా వేలు పెట్టడానికి భయపడిన పని అది. ఆక్రమించినవాళ్లు వార్డు పెద్దలకు కావలసినవాళ్లే. ఓట్ల భయం లేని అధికారి మూడు రోజుల్లో చేయించాడు. ఆ పని కౌన్సిల్ చేయగలిగేదీ కాదు, చేసి ఉండేదీ కాదు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. కానీ కూల్చిన శిథిలాలు ఎనిమిది నెలలు గట్టు మీదే పడి ఉన్నాయి. వానాకాలంలో ఆ ఇటుకలు కాలువలోకి జారి నీరు అడ్డం తిరిగి, కింది వీధిలో మోకాలి లోతు నిలిచింది. ఎవరిని అడగాలి? కమిషనర్‌ను అడిగితే ప్రత్యేక అధికారి అనుమతి కావాలన్నారు. ప్రత్యేక అధికారి జిల్లా కేంద్రంలో ఉంటారు, సోమవారం అర్జీల రోజు రమ్మన్నారు. అరవై కిలోమీటర్లు బస్సెక్కి వెళ్లి, వరుసలో నిలబడి అర్జీ ఇచ్చాను. ఆ అర్జీ తిరిగి తిరిగి మళ్లీ కమిషనర్ బల్ల మీదికే వచ్చింది.

ఇప్పుడు కుళాయి సంగతి వినండి. మా వార్డుకు తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్లు వదిలేవారు, నలభై నిమిషాలు. మొన్నటి ఎన్నికల్లో మహిళలకు కేటాయించిన మా వార్డు నుంచి గెలిచినావిడ టైలరు. ఆమె ఇంటి ముందూ అదే కుళాయి, ఆమె నిద్ర చెడేదీ అదే వేళకు. కౌన్సిల్ సమావేశంలో లేచి నిలబడి, చీటీ చూసుకుంటూ, "మా వార్డు ఆడవాళ్లు నాలుగేళ్లుగా సరిగ్గా నిద్రపోలేదు. వాల్వు ముందు మాకు తిప్పి తర్వాత పై వార్డుకు తిప్పుతున్నారు. నెలకొకసారి వంతు మార్చండి" అంది. ఇంజినీరు అభ్యంతరం చెప్పాడు. ఆమె కూర్చోలేదు. పక్క వార్డు కౌన్సిలర్, వేరే పార్టీ ఆయన, "అమ్మ చెప్పింది న్యాయమే, ఒక నెల మేం లేస్తాం" అన్నాడు. రూపాయి ఖర్చు లేని తీర్మానం. మరుసటి నెల నుంచే అమలైంది. ఏ కలెక్టరు బల్ల మీదికి వస్తుంది చెప్పండి, వాల్వు తిప్పే వేళ?

కౌన్సిళ్లన్నీ బంగారమని నేననడం లేదు. ఆ హాల్లో వెనక బల్ల మీద కూర్చుని నేను కళ్లారా చూశాను. ముప్పై ఎనిమిది అంశాలను ఇరవై అయిదు నిమిషాల్లో "ఆమోదం, ఆమోదం" అంటూ దాటించిన రోజులున్నాయి. ఎజెండా చేతికివ్వకుండా అప్పటికప్పుడు బల్ల మీద పెట్టిన అంశాలున్నాయి. భార్య గెలిస్తే భర్త ఫోను ఎత్తి "నేను కౌన్సిలర్‌ను" అనే వార్డులు మా ఊళ్లోనే మూడున్నాయి. ఇది సిగ్గుచేటు, దీని మీద ఎంత రాసినా తక్కువే. ఇవి అడిగి ఉంటే మీ సందేశాన్ని నేనే పది మందికి పంపేవాణ్ని. ఇవేవీ అడగకుండా హాలుకే తాళం వేయమంటున్నారు. తాళం వేస్తే ఆ ముప్పై ఎనిమిది అంశాలు ఆగవు. తలుపు వెనక, ఒకే ఒక్క కలంతో జరిగిపోతాయి. అప్పుడు వెనక బల్ల మీద కూర్చుని వినడానికి కూడా ఏమీ ఉండదు.

సమావేశాల మినిట్స్ కావాలంటే సమాచార హక్కు కింద అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. దరఖాస్తు రుసుము పది రూపాయలు మించదు, కాపీల ఖర్చు వేరే. నేను గత ఏడాదివి తీసుకున్నాను, నూట నలభై పేజీలు. మా కాలనీ సంఘం గ్రూపులో పెట్టాను. ఇద్దరు తెరిచి చూశారు.

ఈ నెల సమావేశం ఎజెండా మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించారు. పదిహేడో అంశం మన కింది వీధి కాలువ పూడికతీత అంచనాలు. పొడవు 210 మీటర్లని రాశారు. నిన్న సాయంత్రం టేపు తీసుకెళ్లి కొలిచాను, 160 మీటర్లు వచ్చింది. గురువారం పదకొండింటికి సమావేశం. కొలతల కాగితం టైలరమ్మకు ఇచ్చాను. నేను వెనక బల్ల మీద ఉంటాను. ఈ సందేశం పంపిన ఆరుగురిలో ఊళ్లో ఉన్నవాళ్లు అయిదుగురు. బల్ల మీద చోటుంది.