అడిలైడ్ అశ్లీల చట్టం గారికి ఒక అభినందన లేఖ

మహారాజశ్రీ దక్షిణ ఆస్ట్రేలియా అశ్లీల చట్టం గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. 1944లో మీరు ఆస్ట్రేలియా సాహిత్యానికి చేసిన సేవకు ఎవరూ ఒక శాలువా అయినా కప్పలేదు. ఆ లోటు తీరుద్దామని ఈ ఉత్తరం.

ఎర్న్ మాలీ అనే కుర్రాడు పాతికేళ్లకే పోయాడనీ, అతని సామాన్లలో కవితలు దొరికాయనీ, తోబుట్టువు ఎథెల్ పేరుతో మీ ఊరి 'యాంగ్రీ పెంగ్విన్స్' పత్రికకు ఉత్తరం వచ్చింది. మెకానిక్కు పని, ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకోవడం, జబ్బు, అకాల మరణం. కవికి ఇంతకంటే ఏం అర్హత కావాలి? సంపాదకుడు మ్యాక్స్ హారిస్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లు. పొంగిపోయి, చిత్రకారుడు సిడ్నీ నోలన్ ముఖచిత్రంతో ఏకంగా ఎర్న్ కోసమే సంచిక తెచ్చాడు. బతికున్న కవులనైతే ఏ పత్రికైనా స్టాంపులంటించిన కవరు అడిగేది. పోయినవాళ్లకు ఆ బాధ లేదు.

తీరా చూస్తే ఎర్నూ లేడు, ఎథెలూ లేదు. జేమ్స్ మెకాలీ, హెరాల్డ్ స్టూవర్ట్ అనే ఇద్దరు కవులు అప్పట్లో మెల్‌బోర్న్ విక్టోరియా బ్యారక్స్‌లో సైన్యం కొలువులో ఉన్నారు. 'యాంగ్రీ పెంగ్విన్స్' అచ్చేసే కొత్త తరహా కవిత్వమంటే ఇద్దరికీ ఒళ్లుమంట. ఒక్క మధ్యాహ్నం కూర్చుని అంతా అల్లేశామని జూన్‌లో వాళ్ల గుట్టు బయటపడ్డప్పుడు చెప్పుకున్నారు. చేతికందిన పుస్తకం తెరవడం, కంటబడ్డ మాట ఎక్కించడం. ఒక కవితలో మొదటి మూడు పాదాలైతే దోమలు పెరిగే గుంటల్లో నీళ్లు ఎలా తీసెయ్యాలో చెప్పే అమెరికన్ రిపోర్టులోంచి ఎత్తినవి. ఊరంతా నవ్వుకుని ఊరుకునేది. అప్పుడు మీరు రంగంలోకి దిగి, ఆ కవితలు అచ్చేసినందుకు హారిస్ మీద కేసు పెట్టారు.

రాసినవాళ్లే 'అందులో ఏమీ లేదు మొర్రో' అంటుంటే, మీ డిటెక్టివ్ గారు పాదం పాదం పట్టి అర్థం తీశారు. 'నైట్ పీస్' అనే కవిత ఉంది కదా. చీకట్లో ఊగే టార్చి, ఏదో గొణిగే కప్ప, సరస్సులో బట్టల్లేని జలకన్య, పార్కు గేటు మీద తుప్పుపట్టిన ముక్కులతో చిరాగ్గా చూసే ఇనప పక్షులు. రాత్రిపూట పార్కులకు వెళ్లేవాళ్లు చెడ్డ పనికే వెళ్తారని తన అనుభవంలో తేలిందని డిటెక్టివ్ గారు కోర్టులో సాక్ష్యం చెప్పారు. మన విమర్శకుల్లో ఎంతమందికి ఉంది ఈపాటి క్షేత్రస్థాయి పరిశీలన? ఇంకోచోట ఒక మాట దగ్గర ఆగి, దాని అర్థం తనకు తెలియదనీ, అయినా అందులో అసభ్యత ధ్వనిస్తోందనీ అన్నారు. ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆనందవర్ధనుడు వింటే లేచి దండం పెట్టేవాడు. అంతా చూసింది ఆ ఇనప పక్షులే. వాటిని మాత్రం ప్రాసిక్యూషన్ సాక్షులుగా పిలవలేదు. కప్పకు సమన్లూ వెళ్లలేదు. కేసు కొంచెం తొందరలో కట్టినట్టున్నారు.

చివరికి హారిస్‌కు 5 పౌండ్ల జరిమానా. లేని కవి రాసిన, అర్థం లేదని రాసినవాళ్లే చెప్పిన కవితల్లో అశ్లీలం ఉందని తీర్పు. ఆ ఇద్దరూ ఎర్న్‌ను పుట్టించింది చంపడానికే. మీరేమో కోర్టుకు ఎక్కించి, ఈ మాటల వల్ల జనం చెడిపోతారని ముద్ర వేసి మరీ బతికించారు. ఏ కవికైనా ఇంతకు మించిన సర్టిఫికెట్ ఎవరిస్తారు? మెకాలీ ఆ తర్వాత 'క్వాడ్రంట్' పత్రికకు తొలి సంపాదకుడయ్యాడు, సొంత పేరుతో నిండైన కవిత్వం రాశాడు. అయినా ఆయన పేరు ఎత్తగానే జనం అడిగేది ఎర్న్ సంగతే. హారిస్ మాత్రం జంకలేదు, 1952లో ఏకంగా 'ఎర్న్ మాలీస్ జర్నల్' అనే పత్రిక పెట్టాడు. ఆ 5 పౌండ్లూ మీరు ఎర్న్ ఖాతాలో రాయల్టీగా జమ చేసుంటే ఇంకా బాగుండేది.

ఇట్లు,
రాత్రిపూట పార్కులో కేవలం ఆరోగ్యం కోసం నడిచే ఒక పాఠకుడు

తా.క.: అదే 1944లో, లిబియాలోని టోబ్రూక్‌లో పోరాడిన సైనికుల మీద లాసన్ గ్లాసప్ నవల 'వీ వర్ ద ర్యాట్స్' వచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లోని మీ దాయాదికి అందులో అశ్లీలం కనబడటానికి 1946 దాకా పట్టింది. వారికి మీ డిటెక్టివ్ గారిని కొన్నాళ్లు డెప్యుటేషన్ మీద పంపి ఉండాల్సింది.