ముఖం చెల్లలేదు

నిన్న జరిగింది. ఇంకా మండుతూనే ఉంది కాబట్టి చల్లారకముందే రాసేస్తున్నాను.

2025 ఆగస్టు 2న మా జిల్లా దర్శిలోనే రైతుకు డబ్బు సాయం చేసే అన్నదాత సుఖీభవ పథకం మొదలైంది. ఊళ్ళో అందరి ఫోన్లూ టింగుమన్నాయి. రాష్ట్రం 5,000, పీఎం కిసాన్ కింద కేంద్రం 2,000. నా ఫోను మాత్రం మూగనోము పట్టింది. ఈకేవైసీ, అంటే నేను నేనేనని ఆధార్‌తో రుజువు, కాలేదట. ఓటీపీ వెళ్ళే సిమ్ము పాత ఫోనుతో సహా బావిలో ఉంది. వేలిముద్ర పడదు. నాగలి పట్టి అరిగిపోయాయనుకునేరు, పాతికేళ్ళు పిండిమర నడిపి అరిగాయి. ఇక మిగిలింది ముఖం.

"దానిదేముంది బాబాయ్, ఫోనులోకి చూసి కన్నార్పితే చాలు" అంది ఊళ్ళో రైతు సేవా కేంద్రంలోని అమ్మాయి. వెనక ఏమీ కనబడకూడదట. అక్కడి గోడ నిండా పథకాల పోస్టర్లు. రైతుకు ఇన్ని పథకాలు అంటించిన గోడ మీద ఒక్క రైతు తల పట్టేంత ఖాళీ లేదు. పక్కింటి దండెం మీది తెల్లపంచె అడిగి తెచ్చి, వేపచెట్టు కింద నా వెనక ఇద్దరు చెరో కొసా పట్టుకున్నారు.

అంతే, పెళ్ళి కుదిరిపోయింది. జీలకర్ర, బెల్లం ఏవని ఒకాయన అడిగాడు. ఎరువు బస్తా మీద కూర్చున్న వదిన వరసావిడ, "పెళ్ళికొడుక్కి గుండేమిటి?" అంది. డబ్బు పడితే తలనీలాలిస్తానని వెంకన్నకు మొక్కుకున్నాను. మేనల్లుడి కారులో చోటుందంటే, పడకముందే వెళ్ళి బయానాగా ఇచ్చి వచ్చాను. ఆధార్‌లో ఉన్నది పన్నెండేళ్ళ కిందటి నేను: క్రాపుతో, మీసంతో, సర్కారు మీద నమ్మకంతో.

కన్నార్పమంది ఫోను. అడగకుండానే రోజంతా కొట్టుకునే రెప్పలు, అడిగేసరికి మొరాయించాయి. ఒకటి పడితే రెండోది పడదు. ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడ్డది ఆ అమ్మాయి. నా అవస్థ చూసేవాళ్ళకు ఎలా కనబడిందో వదిన వరసావిడ దగ్గు చెప్పింది. ఇంతలో గాలికి పంచె జారింది. దాన్ని సరిచేయబోయి వెనకనుంచి ఒక తల పైకి లేచింది. ఫోనులో వలయం టక్కున పచ్చబడింది. జనం చప్పట్లు కొట్టారు. వెంటనే అక్షరాలు వచ్చాయి: ముఖం సరిపోలలేదు.

ఎవరి ముఖం? అది చెప్పదు. లేచిన తల మా కౌలుదారుది. నా రెండెకరాల్లో మిరప వేసింది అతనే. పీఎం కిసాన్ లెక్కలో మాత్రం పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ళే రైతు కాబట్టి, అతని ముఖం ఏ ఫోనుకూ అక్కర్లేదు. పచ్చవెలుగు మాత్రం అతనికే వచ్చింది. లోపల కాస్త చిన్నబోయాను గానీ, పైకి ఫోనునే తిట్టాను.

"రేపు రండి బాబాయ్, సర్వర్ కూడా పనిచేయడం లేదు" అంది అమ్మాయి. రేపు రమ్మనడానికి మాత్రం ఏ సర్వరూ అక్కర్లేదు.

కౌలుదారు పంచె మడిచి నా చేతిలో పెట్టాడు. "రేపు కూడా తెర పట్టాలంటే పది దాటాక పిలవండి. పొద్దున్నే మిరపకు నీళ్ళు కట్టాలి."