కర్ణం గారికి బహిరంగ లేఖ

లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా, మిగతా రెండు భుజాలకంటే పొడుగ్గా కాళ్లు చాపుకుని ఉండే కర్ణం గారికి,

నమస్కారం. మా ఊరి కరణాన్ని కూడా మా తాత 'కర్ణం గారూ' అనే పిలిచేవాడు. ఆయన చేతిలోనూ భూముల లెక్కలే. 1984లో ప్రభుత్వం కరణాలను తీసేసింది. మిమ్మల్ని మాత్రం పదో తరగతి పుస్తకంలోంచి ఎవరూ కదపలేకపోయారు.

సంగతేంటంటే, రెండేళ్ల కిందట నేనో ప్లాటు కొన్నాను. 'హైవేకి 5 కిలోమీటర్లే సార్' అన్నాడు ఏజెంటు. ఫోన్లో మ్యాప్ తెరిచి, ప్లాటు మీద ఒక వేలు, జంక్షన్ మీద ఇంకో వేలు పెట్టి చూపించాడు కూడా. తీరా బండేసుకుని వెళ్తే తూర్పుకి 3 కిలోమీటర్లు, చెరువు కట్ట దగ్గర మలుపు తిరిగి ఉత్తరానికి 4. వెరసి 7! నిలదీస్తే ఏమాత్రం తొణకలేదు. 'మూడు స్క్వేర్ 9, నాలుగు స్క్వేర్ 16, కలిపితే 25, రూటు కడితే 5. లెక్క తప్పా సార్?'

తప్పు కాదు. ఆ 5 మీ పొడవే, రోడ్డు లేని అడ్డదారి. అదే నా బాధ.

(2, 3), (5, 7) బిందువుల మధ్య దూరం కనుక్కోమంటే నేను సూత్రం బట్టీ కొట్టి రాసినవాణ్ణి. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా 3 గళ్లు, నిలువుగా 4 గళ్లు నడిస్తే ఆ సూత్రం వేషంలో ఉన్నది మీరేనని అప్పుడెవరూ చెప్పలేదు. తేడా మైనస్ వచ్చినా వర్గం చేస్తే పోతుందని మాత్రం చెప్పారు. (నా బ్యాంకు ఖాతాకి ఆ సదుపాయం లేదు.)

పునాది రోజు మేస్త్రీ మూలలో మేకు కొట్టాడు. ఒక దారం మీద 3 అడుగులకు, రెండో దారం మీద 4 అడుగులకు సుద్దతో గుర్తు పెట్టి, ఆ రెండింటి మధ్య టేపు లాగాడు. 5 అడుగుల మీద ఒక అంగుళం వచ్చింది. 'మూల కుదర్లేదు' అంటూ మేకు పీకాడు. మూడుసార్లు పీకాడు. మీ పేరు ఆయనకు తెలియదు. శుల్బసూత్రాలు రాసిన ప్రాచీనుడు బౌధాయనుడి కాలంలో యజ్ఞవేదికలకూ తాడుతోనే కొలిచారట. శుల్బం అంటే తాడేగా.

మేస్త్రీ దగ్గర అంగుళం కూడా ఒప్పుకోని మీరు, ఏజెంటు 2 కిలోమీటర్లు మింగేస్తే నోరు మెదపలేదే?

సరే, గృహప్రవేశానికి తప్పకుండా రండి. జంక్షన్ నుంచి 5 కిలోమీటర్లే. ఆటోకి మాత్రం 7 కిలోమీటర్లకి సరిపడా చిల్లర తెచ్చుకోండి.

ఇట్లు,
రోజూ మీ భుజాల మీదుగా తిరిగేవాడు