సవరణ: ఒలాజువాన్ ఆట మొదలైంది లాగోస్‌లోనే

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన హకీమ్ ఒలాజువాన్ చిన్నప్పుడే అమెరికా వెళ్లి బాస్కెట్‌బాల్ నేర్చుకున్నాడని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, క్షమించండి. 1963లో నైజీరియాలోని లాగోస్‌లో పుట్టి, అక్కడే పెరిగాడు. బాస్కెట్‌బాల్ పట్టింది కూడా అక్కడే, టీనేజీలో. అంతకుముందు హ్యాండ్‌బాల్ ఆడేవాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. తర్వాత అందరూ 'డ్రీమ్ షేక్' అని పిలిచిన ఎత్తుగడలో ఆ కాళ్ల చురుకే కనిపిస్తుంది: భుజం ఒకవైపు ఊపుతాడు, ఎదుటివాడు అటు ఒరగగానే ఇటు తిరిగి బంతి వేసేస్తాడు. ఈ సంగతే వదిలేసినందుకు నాకు ఎక్కువ బాధగా ఉంది.

1980లో అమెరికాలోని హ్యూస్టన్ యూనివర్సిటీకి వెళ్లాడు. 1984 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, హ్యూస్టన్ రాకెట్స్ జట్టు అందరికంటే ముందు ఎంచుకున్నది అతన్నే. మైకేల్ జోర్డాన్‌ది మూడో స్థానం. ఇంకోటి, అమెరికా పౌరసత్వం వచ్చింది 1993లో. నేను రాసినట్టు డ్రాఫ్ట్‌కు ముందు కాదు.