పరాభవ నామ సంవత్సర పైరేట్స్ ఫలాలు

నాలుగో స్థానంలో బ్యాటింగ్‌కు ఎవరు దిగుతారో ఇంకా తేలలేదు గానీ, తలాడించే బొమ్మలు ఏయే తేదీల్లో పంచుతారో మాత్రం తేలిపోయింది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ సీజన్ ఏటా మొదలయ్యేది ఇలాగే. ఆటగాళ్ళు ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో ప్రాక్టీసుకు దిగీ దిగకముందే ఇక్కడ ప్రమోషన్ల పట్టిక బయటికొస్తుంది. ఫలానా రోజు బొమ్మ, ఫలానా రోజు బాణసంచా, ఫలానా ఆదివారం ఆట అయ్యాక పిల్లలు మైదానంలో పరిగెత్తొచ్చు. ఆ చివరిది నిజంగా చూడదగ్గదే, ఎందుకంటే నాలుగు బేస్‌లూ చుట్టి వస్తేనే ఒక పరుగు, ఆ రోజైనా ఎవరో ఒకరు బేస్‌లన్నీ పూర్తిగా చుట్టి వస్తారు.

ఉగాదీ వచ్చింది, సీజనూ వచ్చింది, కాబట్టి పంచాంగం విప్పుతున్నాను. వచ్చేది పరాభవ నామ సంవత్సరం. ఆ పేరు నేను పెట్టింది కాదు, నన్ను తిట్టొద్దు. జట్టుకు ఆదాయం 14, వ్యయం 2. రాజపూజ్యం 1, అవమానం 7.

ఆ ఒక్క రాజపూజ్యం మన పిచర్, అంటే బంతి విసిరేవాడు, పాల్ స్కీన్స్‌ది. నిరుడు తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.97 పరుగులిచ్చాడు, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా కొట్టాడు. మరి ఆయన ఖాతాలో గెలుపులెన్ని? పది. ఓటములెన్ని? అవీ పదే. మనిషి రెండు పరుగులు కూడా ఇవ్వకపోతే, మనవాళ్ళు ఆ రెండు కూడా కొట్టలేకపోయారు. సీజనంతా జట్టు మొత్తం కలిసి కొట్టిన హోమ్ రన్లు 117, 30 జట్లలో అందరికంటే తక్కువ. ఈ ఏడాది ఫలం ఏమిటంటే, స్కీన్స్ కనీసం ఒకసారి 1-0 తేడాతో ఓడతాడు, ఓడాక మైక్ ముందు నిలబడి జట్టు మీద నమ్మకముందంటాడు. ఈ శీతాకాలం రయన్ ఓహెర్న్ లాంటి బ్యాటర్లను తెచ్చారు కదా అంటారా? తెచ్చారు, కాదనను. ఇల్లు కాలుతున్న ఇరవయ్యో ఏట బకెట్ కొన్నారు, చప్పట్లు కొడదాం.

ఇక బొమ్మల సంగతి. 2025 ఏప్రిల్‌లో స్కీన్స్ బొమ్మ ఇస్తామంటే జనం గేట్లు తీయడానికి గంటల ముందే బారులు తీరారు, చాలామందికి చేరకముందే బొమ్మలు అయిపోయాయి. గమనించండి, ఇచ్చే ఒక్క బొమ్మ కూడా సరిపడా చేయించలేదు. అయితే ఒక విషయంలో బొమ్మను మెచ్చుకోవాలి. జట్టు ఆఫీసులో కూర్చున్నవాళ్ళు చేసే పనే అదీ చేస్తుంది, యజమాని ఏమన్నా తలాడిస్తుంది, పైగా జీతం అడగదు. మొదటి బేస్ దగ్గర దాన్నే నిలబెడితే సరిపోతుందని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ బేస్ దగ్గర మనుషుల్ని నిలబెట్టి కూడా చూశాం. 2021 మే 27, షికాగో కబ్స్‌తో ఆట, మూడో ఇన్నింగ్స్. రెండు అవుట్లు అయిపోయాయి, మూడోది పడితే కబ్స్ ఇన్నింగ్స్ ముగిసినట్టే. రెండో బేస్ మీద కబ్స్ వాడు కాంట్రెరాస్ ఉన్నాడు. బ్యాటర్ హావియర్ బయేజ్ బంతిని మామూలుగా నేలమీద కొట్టాడు, మూడో బేస్ దగ్గర మనవాడు అందుకుని విసిరాడు, ఆ బంతికి మన మొదటి బేస్ ఆటగాడు విల్ క్రెయిగ్ బేస్ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. వస్తే ఏం, బంతి చేతిలోనే ఉంది, బయేజ్ చేరేలోపు వెనక్కి తిరిగి బేస్ మీద కాలు పెడితే చాలు, అతను అవుట్, ఇన్నింగ్స్ ముగుస్తుంది, అందరూ వెళ్ళి నీళ్ళు తాగొచ్చు. బయేజ్ ఆగాడు. ఆగి, వచ్చిన దారినే వెనక్కి పరుగు మొదలెట్టాడు. క్రెయిగ్ కాలు పెట్టలేదు. వెంటపడ్డాడు! బయేజ్ తను బ్యాటింగ్ చేసిన చోటు, హోమ్ ప్లేట్ వైపు వెనక్కి వెనక్కి పోతుంటే, బంతి చేత్తో పట్టుకుని వీడు ముందుకు ముందుకు. ఈలోగా కాంట్రెరాస్ మూడో బేస్ దాటి దూసుకొస్తున్నాడు, అప్పుడు గుర్తొచ్చి క్రెయిగ్ బంతిని హోమ్ ప్లేట్ దగ్గరుండే మన క్యాచర్‌కు విసిరాడు, కాంట్రెరాస్ కింద నుంచి జారి పరుగు చేసేశాడు. బయేజ్ అక్కడే నిలబడి అంపైర్ కంటే ముందు తనే రెండు చేతులూ చాచి సేఫ్ అని చూపించాడు. చూపించాక గుర్తొచ్చింది, తనింకా అవుట్ కాలేదని. మళ్ళీ మొదటి బేస్ వైపు పరుగు. ఆ బేస్ దగ్గర ఎవరున్నారు? ఎవరూ లేరు, కాపలా కాయాల్సినవాడు ఊరేగింపులో ఉన్నాడు. క్యాచర్ కంగారులో అటు విసిరితే బంతి ఎటో పోయింది, బయేజ్ తాపీగా రెండో బేస్ చేరాడు. తర్వాతి బ్యాటర్ కొట్టిన బంతికి అతనూ ఇంటికొచ్చాడు. కబ్స్ గెలిచింది 5-3తో. లెక్క మీరే చూసుకోండి.

క్రెయిగ్‌ను నేను తిట్టను. బుర్ర ఒక క్షణం ఆగిపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఇక్కడ ఆగిపోయిన బుర్రలు వేరే ఉన్నాయి, అవి పై అంతస్తులో ఉంటాయి. రాముడు కూడా 14 ఏళ్ళకే అడవి నుంచి తిరిగొచ్చాడు, వీళ్ళు 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువగా గడిపారు. తర్వాత మూడేళ్ళు వరసగా ప్లేఆఫ్‌కు వెళ్ళాం, 2015లో ఏకంగా 98 ఆటలు గెలిచాం. దాన్ని ఏం చేశారు? 2018 జనవరిలో పిచర్ గెరిట్ కోల్‌ను వేరే జట్టుకు పంపించేశారు, రెండు రోజులకే బ్యాటర్ ఆండ్రూ మకచెన్‌నూ పంపించేశారు. ఆ 2015 తర్వాత ప్లేఆఫ్ ముఖం చూసింది లేదు.

2007 నుంచి ప్రధాన యజమాని బాబ్ నట్టింగ్. అమెరికా బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగ్‌లో జీతాలకు పై హద్దు లేదు, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఒక్క ఆటగాడు ఓటానీకే పదేళ్ళకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చారు. పైరేట్స్ చరిత్రలో 10 కోట్లు దాటిన తొలి కాంట్రాక్ట్ 2023లో వచ్చింది. అది కూడా 8 ఏళ్ళకు. పెద్ద జట్ల ఆదాయంలోంచి చిన్న జట్లకు వాటా వస్తుంది, ఆ వాటాను సరిగ్గా ఖర్చు పెట్టడం లేదని ఆటగాళ్ళ సంఘం 2018లో నాలుగు జట్ల మీద ఫిర్యాదు చేసింది. అందులో మనమూ ఉన్నాం, ఈ ఒక్క పట్టికలోనైనా పై నాలుగులో నిలిచాం. అంతకుముందు 2008లో, బేస్‌బాల్ ఎరగని ఇద్దరు జావెలిన్ కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లను ఇండియా నుంచి తెచ్చుకున్నారు. పాపం వాళ్ళు మేజర్ లీగ్ దాకా రాలేదు, కానీ ప్రతిభను చవగ్గా వెతకడంలో ఈ జట్టు ఎంత దూరమైనా వెళుతుందని తెలిసింది.

పిట్స్‌బర్గ్ పక్కనే పెన్ హిల్స్‌లో వెంకన్న ఉన్నాడు. గుడి 1976లో వెలిసింది, మూడేళ్ళకే, 1979లో, జట్టు మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. స్వామి తన వంతు చేసేశాడు. ఆ తర్వాత మళ్ళీ గెలవలేదంటే తప్పు కొండ మీద లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మన స్టేడియంలో కుడివైపు గోడ దగ్గరకొస్తే నాకు నవ్వు రాదు. ఆ గోడ ఎత్తు 21 అడుగులు, రాబర్టో క్లెమెంటే చొక్కా నంబర్ 21 కాబట్టి. మన జట్టుకే ఆడి మూడు వేల హిట్లు కొట్టినవాడు. 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకు సరుకులు తీసుకెళుతూ విమానం కూలి చనిపోయాడు, 38 ఏళ్ళకే. నిరుడు ఆ గోడ మీద ఆయన గుర్తు తీసేసి మద్యం ప్రకటన పెట్టారు. ఎవరో పొరుగూరివాళ్ళు కాదు, సొంత జట్టు! ఆయన కొడుకు నోరు విప్పాక, ఊరంతా తిట్టాక, తిరిగి పెట్టారు. గోడ మీద అంగుళం అంగుళానికీ రేటు కట్టే బుద్ధికి ఆ అంకె అడ్డం వచ్చిందన్నమాట. అదే నెలలో, స్టేడియం కట్టినప్పుడు అభిమానులు డబ్బులిచ్చి పేర్లు చెక్కించుకున్న ఇటుకలు పాత సామాను యార్డులో కుప్పగా కనబడ్డాయి. పోయిన అమ్మానాన్నల పేర్లు చెక్కించుకున్నవాళ్ళున్నారు అందులో. ఆ ఇటుకల్ని తీయడం ఎవరి నిర్ణయమో, కనీసం ఫోన్ చేసి మీ ఇటుక తీసుకెళ్ళండి అని చెప్పడానికి ఎంత ఖర్చవుతుందో నాకెవరైనా లెక్క చెప్పాలి. జట్టును అమ్మెయ్యమని బ్యానర్ కట్టి విమానం స్టేడియం మీద తిప్పారంటే తిప్పరా మరి?

సరే, ఫలం పూర్తి చేస్తాను. ఏప్రిల్‌లో ఐదు ఆటలు వరసగా గెలుస్తాం, వాట్సాప్ గ్రూపుల్లో ఈ ఏడు మనదే అంటారు. 2023లో 20 గెలుపులు, 8 ఓటములతో మొదలెట్టి 76-86 దగ్గర ఆగిన సంగతి అప్పుడు గుర్తుచేస్తే గ్రూపులోంచి తీసేస్తారు. జూన్‌లో పిచర్ల భుజాలు నొప్పెడతాయి. స్టేడియం నుంచి నదీ, పసుపు వంతెనా మాత్రం ఎప్పట్లాగే బ్రహ్మాండంగా కనబడతాయి, ఎవరూ కాదనరు. మొత్తం మీద 74 గెలుపులు, 88 ఓటములు. 74 దాటే సూచనలు జూలై నాటికి కనబడితే ఎవరినో ఒకరిని అమ్మేస్తారు, కాబట్టి దాటదు.